చచ్చినవాడి కళ్ళు చారెడు, కేసు మాత్రం చివరి పేరాలో

2021 జనవరి 16న ఫిల్ స్పెక్టర్ చనిపోయాడు. 1960ల అమెరికన్ పాప్ సంగీతానికి కొత్త రూపు తెచ్చిన రికార్డు నిర్మాత. 2003 ఫిబ్రవరి 3న అతని ఇంట్లో లానా క్లార్క్‌సన్ అనే నటి తుపాకీ గుండుకు బలైంది. 2009లో జ్యూరీ అతన్ని హంతకుడని తేల్చింది. పంతొమ్మిదేళ్ళ నుంచి యావజ్జీవం దాకా శిక్ష పడింది. ఆ శిక్ష అనుభవిస్తూనే పోయాడు. బీబీసీ వెబ్‌సైటు మొదట పెట్టిన హెడ్డింగు సారాంశం ఇది: ప్రతిభావంతుడే కానీ లోపాలున్న నిర్మాత స్పెక్టర్ 81 ఏళ్ళ వయసులో మృతి.

బండికి బ్రేకు సరిగా పడకపోతే లోపం. రికార్డింగులో గరగర వినబడితే లోపం. మనిషిని చంపడాన్ని లోపం అనరు. జనం మండిపడ్డారు. బీబీసీ హెడ్డింగు మార్చి, తమ ప్రమాణాలకు తగ్గట్టు లేదని క్షమాపణ చెప్పింది. ఆ హెడ్డింగు పెట్టినవాళ్ళేమీ స్పెక్టర్ అభిమానులు కాకపోవచ్చు. పోయినవాడి గురించి రాసేటప్పుడు చెయ్యి దానంతటదే మెత్తబడుతుంది, అంతే. 'చచ్చినవాడి కళ్ళు చారెడు' అనే సామెత ఊరికే పుట్టలేదు. ఉన్నన్నాళ్ళూ చింతాకంత కనిపించిన కళ్ళు పోయాక చారెడవుతాయి. అయినవాళ్ళ ఏడుపులో ఆ మాట వింటే ఎవరికీ అభ్యంతరం లేదు. దాన్నే లక్షలమంది చదివే వార్తలోకి ఎక్కిస్తేనే తంటా.

పేరూ వివాదమూ రెండూ మూటగట్టుకున్న మనిషి పోయిన ప్రతిసారీ గొడవ 'మంచివాడా, చెడ్డవాడా' అని మొదలై, 'ఇప్పుడా ఈ మాట అనేది' దగ్గర చిక్కుకుంటుంది. నేను చెప్పదలచుకున్నది ఒకటే. ఆ మాట అనాల్సింది ఇప్పుడే. సంతాప వార్త లోపలే, పైభాగంలోనే, తేదీతో, కోర్టు తేల్చిన ఫలితంతో, విశేషణం ఒక్కటి కూడా లేకుండా. ఆ రోజు దాటితే వినేవాడు ఉండడు. ఆ రోజు తప్పుగా చెబితే కాదనడానికి ఆ మనిషి లేడు. రెండూ నిజమే కనుక పని కష్టం.

వినేవాడు ఉండడన్నది మాటవరసకు అన్నది కాదు. 2009 జూన్ 25న మైకేల్ జాక్సన్ పోయాడన్న వార్తతో అతని పేరు వెతికే తాకిడి చూసి గూగుల్ యంత్రాలు అదేదో సైబర్ దాడి అనుకున్నాయి. కాసేపు వెతికినవాళ్ళకు దోష సందేశం చూపించాయి. ఒక మనిషి జీవితమంతటి మీదా లోకం ఒకేసారి కళ్ళు పెట్టే ఘడియ అదొక్కటే. అప్పటిదాకా అతని పేరు తప్ప ఇంకేమీ తెలియని పిల్లలు కూడా ఆ రోజు ఒక వ్యాసం పూర్తిగా చదువుతారు. ఆరు నెలల తర్వాత వచ్చే 'నాణేనికి మరోవైపు' వ్యాసాన్ని అప్పటికే ఆ విషయం తెలిసినవాళ్ళే మళ్ళీ చదువుకుంటారు.

ఇలాంటి మనిషి పోయాక మొదటి రెండు రోజులూ ఎలా నడుస్తాయో ఏ న్యూస్ డెస్కులో కూర్చున్నవాళ్ళకైనా కంఠతా వస్తుంది. మొదటి గంట నిజమా కాదా అన్నదానితోనే సరిపోతుంది. రెండో గంటనుంచి పెద్దల ప్రకటనలు మొదలవుతాయి. 'తీవ్ర దిగ్భ్రాంతి', 'తీరని లోటు' అన్న రెండు మాటలూ తొంభై ఏళ్ళ వృద్ధుడి సహజ మరణానికి కూడా వాడేస్తారు. ఆపైన కలిసి దిగిన ఫొటోలు. నాలుగైదు గంటలు గడిచాక ఎవరో ఒకరు పాత కేసు గుర్తు చేస్తారు. ఇక అక్కణ్ణుంచి చర్చ పోయిన మనిషిని వదిలేసి గుర్తు చేసినవాళ్ళ మీద పడుతుంది. మర్నాటికి ఆ చర్చ మీద చర్చ. ఈ మొత్తంలో అసలు కేసు ఏమిటి, ఏమైంది అన్న రెండు వాక్యాలు చదివినవాళ్ళు అరుదు. ఎందుకంటే ఆ రెండు వాక్యాలు ఎవరూ సరిగ్గా రాసి పెట్టలేదు.

దీనికి 2020 జనవరి 26 కన్నా మంచి ఉదాహరణ లేదు. లాస్ ఏంజెలెస్ దగ్గర కలబాసస్ కొండల్లో హెలికాప్టర్ కూలి బాస్కెట్‌బాల్ ఆటగాడు కోబీ బ్రయంట్, పదమూడేళ్ళ అతని కూతురు, మరో ఏడుగురు చనిపోయారు. కుటుంబాలకు కబురు అందకముందే ఒక సెలబ్రిటీ వార్తల సైటు పేరు బయటపెట్టేసిందని అక్కడి షెరీఫ్ బాహాటంగానే తప్పుపట్టాడు. అది మొదటి తప్పు. అదే మధ్యాహ్నం వాషింగ్టన్ పోస్ట్ విలేకరి ఫెలీసియా సాన్మెజ్, బ్రయంట్ మీద 2003లో వచ్చిన అత్యాచారం కేసు గురించి 2016లో అచ్చయిన ఒక వ్యాసం లింకు ట్విటర్లో పెట్టింది. బూతులు, చంపుతామనే బెదిరింపులు వరదలా వచ్చాయి. వాటిలో కొన్నిటిని పంపినవాళ్ళ పేర్లతో సహా ఆమె బయటపెట్టింది. పత్రిక ఆమెను సెలవు మీద పంపింది. మూడువందల మందికి పైగా సహోద్యోగులు సంతకాలు చేసి నిలదీస్తే రెండు రోజుల్లో వెనక్కి తీసుకుంది.

సెలవు మీద పంపడం అన్యాయమే, అందులో నాకు అనుమానం లేదు. అయినా ఆ లింకు పెట్టిన పద్ధతి నాకు నచ్చదు. ఒక్క మాట కూడా జోడించకుండా, మృతులెవరో ఇంకా తేలకుండానే, ఉత్త లింకు. చదివేవాడికి అది వార్తలా కాక చెంపదెబ్బలా తగులుతుంది. తెరవకుండానే తిట్టడం మొదలుపెడతాడు. ఆమె చెప్పిన విషయం తప్పు కాదు, ఆ వేళకు అది సంతాప వ్యాసం లోపల ఉండి ఉంటే విడిగా లింకు పెట్టాల్సిన అవసరమే వచ్చేది కాదు. ఆ పేరా ఇలా ఉండొచ్చు:

"2003లో కొలరాడోలో ఒక హోటల్ ఉద్యోగిని ఫిర్యాదుపై అతనిమీద లైంగికదాడి అభియోగం మోపారు. సాక్ష్యం చెప్పడానికి ఆమె ముందుకు రాకపోవడంతో 2004 సెప్టెంబరులో కేసు కొట్టేశారు. తన దృష్టిలో అది ఇష్టపూర్వకంగానే జరిగిందనీ, ఆమె దాన్ని అలా చూడడం లేదని ఇప్పుడు గ్రహించాననీ అతను అప్పట్లో ప్రకటన ఇచ్చాడు. ఆమె వేసిన సివిల్ దావా 2005లో రాజీతో ముగిసింది, షరతులు బయటపెట్టలేదు."

యాభై మాటలు కూడా లేవు. తిట్టు లేదు, సమర్థన లేదు. అభిమాని చదివినా 'ఇది అబద్ధం' అనలేడు. ఫిర్యాదు చేసిన స్త్రీ చదివినా తనను చెరిపేశారనుకోదు. ఇందులో ఏ ఒక్క వాక్యం తీసేసినా మిగిలినవి అబద్ధమైపోతాయి. 'కేసు కొట్టేశారు' అని ఆపేస్తే నిర్దోషి అని కోర్టు తేల్చినట్టు వినబడుతుంది. 'రాజీతో ముగిసింది' అని మాత్రమే రాస్తే తప్పు ఒప్పుకున్నట్టు వినబడుతుంది.

మన భాషలో రాసేవాళ్ళకు ఇక్కడ ఇంకొంచెం జాగ్రత్త కావాలి. 'ఆరోపణలు ఎదుర్కొన్నారు' అనే ఒక్క మాటతో ఎవరో టీవీలో అన్నదానినుంచి హత్యానేరం రుజువవడం దాకా అన్నిటినీ ఊడ్చేసే అలవాటు పాతది. ఆరోపణ అంటే ఎవరో అన్న మాట. ఫిర్యాదు పోలీసులకు చేరింది. అభియోగం కోర్టుకెక్కింది. విచారణ జరిగి నిర్దోషిగా తేలడం ఒకటి, విచారణే జరగకుండా కేసు పోవడం ఇంకొకటి. క్రిమినల్ కోర్టు వదిలేసినా సివిల్ కోర్టు బాధ్యుణ్ణి చేయడం మరొకటి. 2024 ఏప్రిల్ 10న చనిపోయిన అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు ఓ.జె. సింప్సన్‌ను 1995లో జ్యూరీ జంట హత్యల కేసులో నిర్దోషి అంది. 1997లో సివిల్ జ్యూరీ ఆ మరణాలకు అతనే బాధ్యుడని తేల్చింది, మొత్తం 3.35 కోట్ల డాలర్లు కట్టాలని తీర్పు వచ్చింది. 'హంతకుడు సింప్సన్ మృతి' అని పెట్టినా తప్పే, 'నిర్దోషిగా బయటపడ్డ సింప్సన్' అని ఆపినా తప్పే. రెండు తీర్పులూ రెండు సంవత్సరాలతో పక్కపక్కన పెట్టాలి. అలా పెడితే వాక్యం పొడుగవుతుంది, కానివ్వండి.

చావు స్వయంగా తీర్పులను కలగాపులగం చేసే సందర్భాలూ ఉన్నాయి. ఆరన్ హెర్నాండెజ్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడికి హత్య కేసులో 2015లో యావజ్జీవం పడింది. అప్పీలు తేలకుండా 2017 ఏప్రిల్‌లో జైల్లో చనిపోయాడు. అప్పీలు మధ్యలో మనిషి పోతే శిక్ష రద్దయిపోతుందనే పాత సూత్రం ప్రకారం మరుసటి నెలలోనే తీర్పు కొట్టేశారు. 2019లో మసాచుసెట్స్ అత్యున్నత న్యాయస్థానం ఆ సూత్రాన్నే పక్కన పెట్టి తీర్పును మళ్ళీ నిలబెట్టింది. అంటే అతను పోయిన రోజు, ఆ తర్వాత రెండేళ్ళు, ఇప్పుడు, మూడు వేళల్లో మూడు రకాలుగా రాయాల్సి వచ్చింది. సినిమా తారగా వెలిగి ముఖ్యమంత్రి అయిన జయలలితది మనకు తెలిసిన ఉదాహరణ. 2014లో అక్రమాస్తుల కేసులో ప్రత్యేక కోర్టు నాలుగేళ్ళ జైలు, వంద కోట్ల జరిమానా వేసింది. 2015లో హైకోర్టు కొట్టేసింది. 2016 డిసెంబరు 5న ఆమె మరణించింది. 2017 ఫిబ్రవరి 14న సుప్రీంకోర్టు సహనిందితులకు శిక్షలు ఖరారు చేస్తూ, ఆమె విషయంలో మాత్రం మరణంతో అప్పీలు ముగిసిపోయిందని చెప్పింది. ఆమెను 'దోషి' అని ఒక పక్షం, 'నిర్దోషి' అని ఇంకో పక్షం ఇప్పటికీ అనుకుంటూనే ఉంటాయి. నాలుగు తేదీలు వరసగా రాస్తే ఆ రెండు మాటలతోనూ పని ఉండదు.

'అయినా పోయినవాడి గురించి ఇప్పుడెందుకు' అనేవాళ్ళు తప్పకుండా ఎత్తే మాట ఒకటుంది: మరణాంతాని వైరాణి. రావణుడు నేలకూలాక రాముడు విభీషణుడితో అన్నదే. కానీ ఎక్కడ, ఎందుకు అన్నాడో చూడాలి. అన్నకు దహన సంస్కారం చెయ్యనని విభీషణుడు మొండికేస్తాడు, అతని పాపాలన్నీ ఏకరువు పెడతాడు. రాముడు వాటిలో ఒక్కదాన్నీ కాదనడు. ఈ రాక్షసుడు అధర్మమూ అసత్యమూ నిండినవాడైతే కావచ్చు, తేజస్వి, బలవంతుడు, యుద్ధంలో శూరుడు అంటాడు. వైరం చావుతో సరి, ఇక సంస్కారం చెయ్యి అంటాడు. దోషమూ గుణమూ ఒకే ఊపిరిలో చెప్పిన వాక్యం అది. ముగించమన్నది వైరాన్ని, రావణుడు చేసినదాన్ని మర్చిపొమ్మని అందులో లేదు. కామెంట్లలో ఆ శ్లోకం విసిరేవాళ్ళు పక్క పాదం కూడా చదివితే బాగుండు.

మౌనం పాటించడమంటే మర్యాద అనుకుంటాం. అది ఎవరికి ఖర్చవుతుందో చూపించిన మనిషి జిమ్మీ సావిల్. బ్రిటన్లో దశాబ్దాలపాటు ప్రతి ఇంటికీ తెలిసిన టీవీ వ్యాఖ్యాత, ఆసుపత్రులకు విరాళాలు పోగుచేసిన దాత. 2011 అక్టోబరు 29న, 84 ఏళ్ళ వయసులో పోయాడు. లీడ్స్‌లో ఒక హోటల్లో బంగారు రంగు శవపేటికను ఉంచితే వేలమంది వచ్చి చూసి వెళ్ళారు. సముద్రం కనబడేలా 45 డిగ్రీల వాలులో పాతిపెట్టారు. ఆ డిసెంబరులోనే బీబీసీ వాళ్ళ వార్తా కార్యక్రమం న్యూస్‌నైట్ అతని లైంగిక నేరాల మీద చేస్తున్న పరిశోధనను ఆపేసింది. ఆ క్రిస్మస్ పండగ రోజుల్లో అతనికి నివాళి కార్యక్రమాలు మాత్రం ప్రసారమయ్యాయి. 2012 అక్టోబరు 3న వేరే చానెల్ ఐటీవీ డాక్యుమెంటరీ వేసింది. వారం తిరిగేసరికి సమాధి రాయిని రాత్రికి రాత్రి తీసేశారు. 2013 జనవరిలో పోలీసులు, బాలల రక్షణ సంస్థ కలిసి ఇచ్చిన నివేదిక ప్రకారం ముందుకొచ్చినవాళ్ళు సుమారు 450 మంది. నేరాలుగా నమోదైనవి 214.

ఇక్కడ అందరూ మర్చిపోయే చట్టం సంగతి ఒకటుంది. ఇంగ్లండులో చనిపోయినవాడికి పరువునష్టం దావా లేదు. బతికున్నన్నాళ్ళూ లాయర్లకు భయపడి రాయలేదంటే అర్థం చేసుకోవచ్చు. 2011 అక్టోబరు 30 ఉదయానికి ఆ భయం పూర్తిగా తొలగిపోయింది. అయినా ఏడాది పాటు దాదాపు ఎవరూ రాయలేదు. 2009లో పోలీసులు అతన్ని ప్రశ్నించి వదిలేశారన్న సంగతి కూడా సంతాప వ్యాసాల్లోకి రాలేదు. ఆ ఏడాది గొంతు నొక్కింది మర్యాద.

అలాగని తాళం తీశారు కదా అని దూరిపోవడం కూడా ప్రమాదమే. సావిల్ నేరాలు బయటపడ్డాక అదే దేశంలో కార్ల్ బీచ్ అనేవాడు బయల్దేరాడు. ఎడ్వర్డ్ హీత్ లాంటి చనిపోయిన నాయకుల మీద, బతికున్న కొందరు పెద్దల మీద బాలలపై అత్యాచారాలు, హత్యలు అంటగట్టాడు. పోలీసులు నమ్మారు, పత్రికలు మోశాయి. అంతా కల్పితమని తేలి 2019లో అతనికే పద్దెనిమిదేళ్ళ జైలు పడింది. ఆరోపణలు పడ్డవాళ్ళలో మాజీ మంత్రి లియోన్ బ్రిటన్ తన మీది మచ్చ తుడిచిపెట్టుకుపోయిందన్న కబురు వినకుండానే 2015లో పోయాడు. కాబట్టి పోయినవాడి గురించి రాయడానికి ప్రమాణం బతికున్నవాడికన్నా ఒక మెట్టు ఎక్కువే ఉండాలి, తక్కువ కాదు. బతికున్నవాడైతే ఫోన్ చేసి 'మీరేమంటారు' అని అడుగుతాం. ఇతన్ని అడగలేం. అందుకని అతను బతికుండగా ఇచ్చిన వివరణ ఏదైనా ఉంటే వెతికి అది పెట్టాల్సిందే, మనం నమ్మినా నమ్మకపోయినా.

చట్టం అన్నిచోట్లా ఇంగ్లండులా లేదు. అమెరికాలోనూ సాధారణంగా చనిపోయినవాళ్ళ తరఫున పరువునష్టం దావా కుదరదు. జర్మనీ శిక్షాస్మృతి 189వ సెక్షన్ మాత్రం మృతుల జ్ఞాపకాన్ని కించపరచడాన్ని నేరంగానే చూస్తుంది, రెండేళ్ళ దాకా జైలు. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ మొదటి వివరణ ప్రకారం, బతికుంటే పరువు పోయే మాటను పోయినవాడికి అంటగట్టడం, అదీ కుటుంబాన్ని నొప్పించే ఉద్దేశంతో చేస్తే, పరువునష్టం కావచ్చు. పాత ఐపీసీ 499లో ఉన్నదే ఇది. 'చచ్చినవాడు కేసెలా వేస్తాడు' అని ధీమాగా పోస్టులు పెట్టేవాళ్ళు ఈ వివరణ ఒకసారి చదువుకోవడం మంచిది.

తెలుగులో రాసేవాడికి ఇంకో చిక్కు, ఇంగ్లిషువాడికి లేనిది. మనకు 'డైడ్' లాంటి తటస్థమైన క్రియ దొరకడం కష్టం. కన్నుమూశారు, తుదిశ్వాస విడిచారు, అస్తమించారు, పరమపదించారు, ఇక లేరు, నేలరాలిన తార. వీటిలో ప్రతిదీ వార్తకన్నా ముందే దండ వేసేస్తుంది. ఇంకో కొసన పోయాడు, చచ్చాడు. ఇంగ్లిషులోనూ అసోసియేటెడ్ ప్రెస్ శైలి పుస్తకం 'పాస్డ్ అవే' వద్దు, 'డైడ్' అనమనే చెబుతుంది. మనకు దానికి దగ్గరిది 'మరణించారు' ఒక్కటే, మాటల్లో 'చనిపోయారు'. కానీ చివర 'రు' పెట్టాలా 'డు' పెట్టాలా? క్రైమ్ వార్తలో అరెస్టయిన క్షణంనుంచే 'డు' అయిపోతాడు, ఇంకా ఏమీ రుజువు కాకుండానే. సినిమావాడో ఆటగాడో అయితే శిక్ష పడ్డాక కూడా 'రు' పోదు. అంటే మన వ్యాకరణమే ఒక తీర్పు ఇచ్చేస్తోంది, అదీ కులాసాగా. దీనికి పెద్ద సూత్రమేమీ లేదు. నిన్నటిదాకా ఆ మనిషిని ఎలా రాశారో ఇవాళా అలాగే రాయండి. చావుతో హోదా పెంచొద్దు, తుంచొద్దు.

క్రియలకన్నా ప్రమాదం పడికట్టు మాటలతో. లండన్ డైలీ టెలిగ్రాఫ్‌లో 1986నుంచి 1994 దాకా సంతాప పేజీ చూసిన హ్యూ మాసింగ్‌బర్డ్ ఒక సంకేత భాషనే నడిపాడు. కలివిడి మనిషి అంటే తాగుబోతు. తన సాహసాలను రంగులద్ది చెప్పేవాడు అంటే అబద్ధాలకోరు. అక్కడ పాఠకుడికి తాళంచెవి తెలుసు, నవ్వుకునేవాడు. మన సంకేతాల్లో నవ్వు లేదు, కప్పిపుచ్చడమే ఉంది. 'ముక్కుసూటి మనిషి' అంటే కింది ఉద్యోగుల్ని బూతులు తిట్టేవాడు. 'రంగుల జీవితం', 'వ్యక్తిగత జీవితంలో ఒడిదుడుకులు' అంటే ఇంట్లో కొట్టిన కేసు. అన్నిటికన్నా ఘనమైనది 'వివాదాలు ఆయన్ను వెంటాడాయి'. ఆ వాక్యంలో కర్త ఎవరు? వివాదాలు. పాపం పరిగెత్తుతున్నదెవరు? ఆయన. దెబ్బలు తిన్న మనిషి వాక్యంలో ఎక్కడా లేదు. దిద్దేవాళ్ళు ఈ మాట కనబడగానే కొట్టేసి 'ఎవరు, ఎవరిని, ఎప్పుడు, ఏం చేశారని' అని మార్జిన్లో రాస్తే సగం జబ్బు అక్కడే కుదురుతుంది.

కేసు పేరా ఎంత ఉండాలి, ఎక్కడ ఉండాలి? ఎనిమిది వందల మాటల వ్యాసంలో కోర్టుదాకా వెళ్ళి తేలని ఒక్క కేసుకు ఎనభైనుంచి నూట ఇరవై మాటలు చాలు. ఇంట్రోలో, అంటే వార్త మొదటి వాక్యంలో, ఒక చిన్న ఉపవాక్యం, నాలుగో పేరాలో వివరం. నేరం రుజువై ప్రాణం పోయిన కేసైతే ఇంట్రోయే అది. హెడ్డింగులో ఆ మాట, లోపల బాధితురాలి పేరు, ఆమె ఎవరో ఒక వాక్యం. చివరి పేరా చోటు కాదు. పేజీ నిండిపోతే ముందుగా తెగేది చివరి పేరాయే, ఫోన్లో చదివేవాడు అక్కడిదాకా వెళ్ళడు. ఇంకొక కొలత కూడా చూడాలి: ఆ నేరానికి ఆ ప్రఖ్యాతే పనిముట్టు అయిందా? సావిల్‌కు ఆసుపత్రి వార్డుల తలుపులు తెరిచింది అతని పేరూ దానధర్మాలే. అలాంటప్పుడు 'కళను, మనిషిని వేరు చేసి చూడాలి' అనే మాట చెల్లదు. అక్కడ ఆ రెండూ కలిసే పని చేశాయి.

ఈ పేరా చావు రోజున రాయడం మొదలెడితే కుదరదు. పెద్ద పత్రికలు ప్రముఖుల సంతాప వ్యాసాలు వాళ్ళు బతికుండగానే రాసి పెట్టుకుంటాయి. ఎలిజబెత్ టేలర్ 2011లో పోయినప్పుడు న్యూయార్క్ టైమ్స్ వేసిన వ్యాసం రాసిన మెల్ గుస్సో 2005లోనే పోయాడు. జీవిత విశేషాలు ఇలా సిద్ధంగా ఉంటాయి, కేసు పేరా మాత్రం 'తర్వాత చూద్దాం' అని ఖాళీ పెడతారు. అదే అసలు తప్పు. సినిమాల జాబితా చావు రోజున ఏ ట్రెయినీ అయినా పూరిస్తాడు. కేసు సంఖ్య, అభియోగాల వరస, తీర్పు తేదీ, అప్పీలు ఏ దశలో ఉంది అన్నవి ఆ హడావుడిలో దొరకవు. దొరికినవాటిలో తప్పు పట్టడానికి లాయరు అందుబాటులో ఉండడు. ముందే రాసి, చూపించి, ఏడాదికోసారి దుమ్ము దులపాలి. ఒక హెచ్చరిక కూడా: 2020 నవంబరులో ఫ్రాన్సు రేడియో సంస్థ ఆర్‌ఎఫ్‌ఐ కొత్త వ్యవస్థలోకి మారుతూ అప్పటికి బతికున్నవాళ్ళ సంతాప వ్యాసాలు వందదాకా పొరపాటున ప్రచురించేసింది. ఎలిజబెత్ రాణి, పెలే కూడా వాటిలో ఉన్నారు. డ్రాఫ్టుల ఫోల్డరుకు వేరే తాళం ఉండాలి.

ఇక సంబరాలు. 2013 ఏప్రిల్ 8న బ్రిటన్ మాజీ ప్రధాని మార్గరెట్ థాచర్ పోయినప్పుడు కొన్నిచోట్ల వీధుల్లో విందులు జరిగాయి. ఒక పాత సినిమాలో మంత్రగత్తె చచ్చిందంటూ పాడే పాటను జనం కొని కొని బ్రిటిష్ చార్టులో రెండో స్థానానికి తెచ్చారు. రేడియోలో మొత్తం పాట వేయాలా వద్దా అని తల పట్టుకుని, వార్తలో భాగంగా కొన్ని సెకన్లు వినిపించి బీబీసీ గట్టెక్కింది. అంత కోపానికి కారణాలు లేవని కాదు. కానీ అలాంటి పాట వినేవాళ్ళలో ఆమె లేదు. ఆమె కాలంలో ఉపాధి పోగొట్టుకున్న గని కార్మికుడికి దాంతో ఒరిగిందీ లేదు. పత్రికల్లో గొడవ సాగింది పాట గురించి, గనుల గురించి కాదు.

దానికి పూర్తిగా భిన్నమైనది స్పెయిన్ ఫుట్‌బాల్ క్రీడాకారిణి పాలా దపేనా చేసింది. స్త్రీలను హింసించాడనే ఆరోపణలున్న ఫుట్‌బాల్ దిగ్గజం మారడోనా 2020 నవంబరు 25న పోయాడు. అర్జెంటీనాలో మూడు రోజుల జాతీయ సంతాపం. స్పెయిన్లో ఒక మహిళా ఫుట్‌బాల్ మ్యాచికి ముందు అందరూ నిలబడి మౌనం పాటిస్తున్నారు. వరసలో ఈ ఒక్క అమ్మాయి వీపు తిప్పి నేలమీద కూర్చుంది. నవంబరు 25 స్త్రీలపై హింసకు వ్యతిరేకంగా పాటించే రోజు, ఆ బాధితులకోసం ఒక్క నిమిషం మౌనం లేదు కదా అన్నది ఆమె ప్రశ్న. మైదానంలో ఒక్క మాటా అనలేదు, ఎవరి ఏడుపుకీ అడ్డం పడలేదు. తను మాత్రం కలవలేదు. ఆమెకూ చంపుతామని బెదిరింపులు వచ్చాయి. ఎంత మర్యాదగా చెప్పినా అవి వస్తాయి, మర్యాద వాటికి మందు కాదు.

అభిమాని బాధను వెక్కిరించడం కూడా నాకు ఇష్టం ఉండదు. తెరమీది మనిషితో ప్రేక్షకుడికి ఏర్పడే ఒకవైపు చుట్టరికం గురించి హార్టన్, వోల్ అనే ఇద్దరు 1956లోనే రాశారు. చుట్టరికం ఒకవైపుదైనా ఏడుపు నిజమైనదే. అతను ఏడ్చేది చాలాసార్లు ఆ మనిషికోసం కాదు, ఆ పాట మొదట విన్న తన పదహారేళ్ళ వయసుకోసం. కనుక నివాళి రాసేవాళ్ళకు ఒక చిన్న ఉపాయం. 'ఆయన దేవుడు' అంటే కేసు గుర్తున్నవాళ్ళతో కొట్లాట తప్పదు, అది ఆయన గురించిన ప్రకటన కనుక. 'ఆ పాటలు లేకపోతే నా రాత్రులు గడిచేవి కావు' అంటే ఎవరూ కాదనలేరు. అలాగే కేసు గుర్తుచేసేవాళ్ళు తమ గోడమీద రాసుకోవచ్చు, ఏడుస్తున్నవాడి పోస్టు కిందికి వెళ్ళి అతికించడం ఎందుకు. ఒక కేసు, ఒక తేదీ, ఒక ఫలితం. పది పుకార్లు కలిపి రాస్తే అందులో అబద్ధమైన ఒక్కటి పట్టుకుని మిగతా తొమ్మిదీ కొట్టేస్తారు.

శవం ఫొటోల విషయంలో వాదనకే చోటు లేదు. మారడోనా పేటిక తెరిచి ఫొటోలు దిగిన అంత్యక్రియల సంస్థ మనుషుల ఉద్యోగాలు పోయాయి. బ్రయంట్ ప్రమాద స్థలంలో ఫొటోలు తీసి పంచుకున్నవాళ్ళు ప్రభుత్వ సిబ్బందే. 2022 ఆగస్టులో జ్యూరీ అతని భార్యకు కోటీ అరవై లక్షల డాలర్ల పరిహారం ఇప్పించింది. ఈలోగా కాలిఫోర్నియా అలాంటి ఫొటోలు తీయడాన్నే నేరం చేసింది.

వికీపీడియాలో బతికున్నవాళ్ళ జీవిత చరిత్రలకు పెట్టుకున్న కఠిన నియమాలు మరణించిన వెంటనే ఎత్తేయరు. ఆర్నెల్లో, ఏడాదో, మహా అయితే రెండేళ్ళో వర్తిస్తూనే ఉంటాయి. ఆ గడువు పత్రికలకు కూడా ఉంటే బాగుండేది, ఎందుకంటే అసలు నష్టం మొదటి వర్ధంతినాడు మొదలవుతుంది. ఆ రోజు ఎవరూ కొత్తగా రాయరు. పాత వ్యాసం తీసి, 'నిన్న' ఉన్నచోట 'గతేడాది' అని మార్చి వేసేస్తారు. ఒడిదుడుకులూ, వెంటాడిన వివాదాలూ యథాతథంగా దిగుతాయి. రెండో ఏడు దాన్ని చూసి మూడో పత్రిక ఎత్తుకుంటుంది. అందుకని అంత్యక్రియలు అయిన వారంలో ఒకరు కూర్చుని ఆర్కైవులోని ఆ కాపీ తెరవాలి. హడావుడిలో పోయిన తేదీలు చేర్చి, కొట్టేసిన కేసుకూ నిర్దోషికీ తేడా సరిచేసి, పైన 'ఫలానా రోజున సవరించాం' అని ఒక గీత పెట్టాలి. వచ్చే ఏడాది డ్యూటీలో ఉండే సబ్ ఎడిటర్ తెరిచేది ఆ కాపీనే.